గేమ్ కన్సోళ్ళు - కుటుంబ సంకేతపదాల భద్రత

పిల్లలు ఆడుకొనే గేమ్ కన్సోలును అంతర్జాలానికి కలిపేటప్పుడు ఇంటిలోని పెద్దల సంకేతపదాలు బయటివారికి గాని, ఆటలో మునిగిన పిల్లలకు గాని చిక్కకుండా తీసుకొనే జాగ్రత్తలు ఈ వ్యాసంలోని విషయం. సంకేతపదాన్నే వాడుకలో పాస్‌వర్డు అంటారు. ప్లేస్టేషను, ఎక్స్‌బాక్సు, నింటెండో స్విచ్ మొదలైన కన్సోళ్ళు చూడడానికి ఆటవస్తువులే అయినా, పనితీరులో అవి పూర్తిస్థాయి కంప్యూటర్లు. వాటిలో ఈమెయిలు చిరునామాతో తెరిచిన ఖాతా, బ్యాంకు కార్డుతో కొనుగోలు చేయగల దుకాణం, అపరిచితులతో మాట్లాడే సదుపాయం, ఇంటి వైఫై సంకేతపదం నాలుగూ ఒకేచోట ఉంటాయి. కంప్యూటరు విషయంలో జాగ్రత్తగా ఉండే పెద్దలు కూడా కన్సోలును బొమ్మగా భావించి, తమ సొంత ఈమెయిలు, సంకేతపదం దానిలో నింపి పిల్లలకు అప్పగించడం తరచుగా జరుగుతుంది.

ఈ విషయంలో ప్రధానమైన సూత్రం ఒక్కటే. కన్సోలుకు దాని సొంత సంకేతపదం ఉండాలి. ఆ సంకేతపదం పోయినా ఇంటిలోని మరే తాళమూ దానితో తెరుచుకోకూడదు. ఆట ఆడడానికి పిల్లలకు పెద్దల సంకేతపదం తెలియవలసిన అవసరం ఎక్కడా రాకుండా ఏర్పాటు చేయడం సాధ్యమే.

## ఇంటిలో ఉండే సంకేతాలు

కన్సోలును కలిపే క్రమంలో అయిదు రకాల రహస్య సంకేతాలు ఎదురవుతాయి. వీటి పనులు వేరువేరు. చాలా ఇళ్ళలో ఇబ్బంది వీటిని ఒకటిగా భావించడంతోనే మొదలవుతుంది.

* వైఫై సంకేతపదం: ఇంటిలోని రౌటరుకు కలవడానికి ఉపయోగపడేది. ఇది తెలిసినవారు ఆ ఇంటి నెట్‌వర్కులోకి రాగలరు. రౌటరు అమరికలను మార్చడానికి దీనికి తోడు వేరొక సంకేతపదం ఉంటుంది. దానిని చాలామంది ఎన్నడూ మార్చరు.
* ఈమెయిలు సంకేతపదం: మిగిలిన ఖాతాలలో ఏ సంకేతపదం మరిచిపోయినా కొత్తది పెట్టుకొనే లంకె ఈమెయిలుకే వస్తుంది. కనుక ఈమెయిలు తెరవగలిగినవారు తక్కిన ఖాతాలను కూడా తెరవగలరు. అన్నిటికంటె గట్టిగా కాపాడుకోవలసినది ఇదే.
* కన్సోలు ఖాతా సంకేతపదం: సోనీ, మైక్రోసాఫ్టు, నింటెండో సంస్థల వద్ద తెరిచిన ఖాతాకు సంబంధించినది. మైక్రోసాఫ్టు విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. ఎక్స్‌బాక్సుకు వాడే ఖాతా, ఔట్‌లుక్ మెయిలుకు, వన్‌డ్రైవులో దాచిన దస్తావేజులకు వాడే ఖాతా ఒకటే కావచ్చును.
* చెల్లింపు సంకేతాలు: కార్డు సంఖ్య, కార్డు వెనుక ఉండే మూడంకెల సీవీవీ, యూపీఐ పిన్, ఫోనుకు వచ్చే ఓటీపీ.
* కన్సోలు పిన్: కన్సోలులో పెద్దల ఖాతాను తెరవడానికి, కొనుగోలును అనుమతించడానికి, ఆట సమయాన్ని నియంత్రించడానికి పెట్టుకొనే చిన్న అంకెల సంకేతం.

## చరిత్ర

తొలితరం కన్సోళ్ళకు అంతర్జాలంతో పని లేదు. 1983లో జపానులో విడుదలైన నింటెండో సంస్థవారి ఫామికామ్ వంటి యంత్రాలలో క్యాసెట్టును దూర్చి, టెలివిజనుకు కలిపి ఆడుకొనేవారు. ఆ యంత్రం ఎవరి చేతికి చిక్కినా ఇంటి రహస్యం ఏదీ బయటపడే అవకాశం ఉండేది కాదు.

1998 నవంబరు 27న జపానులో విడుదలైన సెగా డ్రీమ్‌కాస్ట్ కన్సోలు మోడెముతో వచ్చింది. 2002 నవంబరు 15న మైక్రోసాఫ్టు సంస్థ అమెరికాలో ఎక్స్‌బాక్స్ లైవ్ సేవను ప్రారంభించింది. ఈ సేవతో ప్రతి ఆటగాడికి ఒక ఖాతా, ఒక మారుపేరు, చందా చెల్లింపు అనే పద్ధతి స్థిరపడింది. 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 కన్సోలుతోపాటు సోనీ సంస్థ ప్లేస్టేషన్ నెట్‌వర్కును ప్రవేశపెట్టింది. భారతదేశంలో ఎక్స్‌బాక్స్ 360 విక్రయం 2006 సెప్టెంబరులోను, ప్లేస్టేషన్ 3 విక్రయం 2007 ఏప్రిల్‌లోను మొదలయ్యాయి.

### బలహీనమైన వైఫై తాళం

2004లో వచ్చిన చేతి కన్సోలు నింటెండో డీఎస్ ఒక విచిత్రమైన చిక్కు తెచ్చిపెట్టింది. ఇది డబ్ల్యూఈపీ అనే పాత వైఫై రక్షణ పద్ధతిని మాత్రమే అర్థం చేసుకొనేది. ఆ పద్ధతిలోని లోపాన్ని స్కాట్ ఫ్లూరర్, ఇట్సిక్ మాంటిన్, ఆది షామిర్ అనే శాస్త్రవేత్తలు 2001లోనే బయటపెట్టారు. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. అయినా పిల్లవాడి కన్సోలు కలవాలంటే ఇంటి రౌటరును తిరిగి పాత పద్ధతికి మార్చవలసివచ్చేది. అనగా ఒక్క ఆటవస్తువు కోసం అదే రౌటరు మీద నడిచే కంప్యూటర్లన్నిటి తాళమూ సడలిపోయేది. నింటెండో సంస్థ ఆ తరపు ఆన్‌లైను సేవను 2014 మే 20న నిలిపివేసింది.

### 2011 ప్లేస్టేషన్ నెట్‌వర్కు చొరబాటు

2011 ఏప్రిల్‌లో గుర్తు తెలియని వ్యక్తులు ప్లేస్టేషన్ నెట్‌వర్కులోకి చొరబడ్డారు. ఏప్రిల్ 20న సోనీ సంస్థ సేవను పూర్తిగా ఆపివేసింది. సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడినట్లు ప్రకటించింది. పేర్లు, చిరునామాలు, ఈమెయిళ్ళు, పుట్టినతేదీలు, సంకేతపదాల సమాచారం వీటిలో ఉన్నాయి. దాదాపు మూడు వారాల తరువాత, మే నెల మధ్యలో, సేవ దశలవారీగా తిరిగి మొదలైంది. 2013 జనవరిలో బ్రిటనులోని సమాచార కమిషనరు కార్యాలయం సోనీకి 2 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా విధించింది.

ఇక్కడ వాడుకరులు చేసిన తప్పు ఏమీ లేదు. సంకేతపదాన్ని ఎంత జాగ్రత్తగా దాచుకొన్నా, దానిని పుచ్చుకొన్న సంస్థ వద్ద నుండి పోవచ్చునని ఈ ఘటన తెలిపింది. కన్సోలుకు ఇచ్చిన సంకేతపదాన్నే ఈమెయిలుకు, బ్యాంకుకు కూడా పెట్టుకొన్న కుటుంబాలకు ముప్పు కన్సోలుతో ఆగదు.

### 2014 ఎక్స్‌బాక్స్ వన్ లోపం

2014లో అమెరికాలోని శాన్‌డియేగో నగరంలో అయిదేళ్ళ బాలుడు తండ్రి ఎక్స్‌బాక్సు ఖాతాలోకి సంకేతపదం తెలియకుండానే ప్రవేశించాడు. మొదట తప్పు సంకేతపదం కొట్టగా, కన్సోలు ధ్రువీకరణ తెరను చూపింది. అక్కడ ఖాళీజాగా మీటను వరుసగా నొక్కి ప్రవేశపు బొత్తాము నొక్కగానే ఖాతా తెరుచుకొంది. కంప్యూటరు భద్రతా రంగంలో పనిచేసే తండ్రి ఈ సంగతిని మైక్రోసాఫ్టుకు తెలియజేశాడు. సంస్థ లోపాన్ని సరిచేసి, తమకు సహాయపడిన భద్రతా పరిశోధకుల జాబితాలో ఆ బాలుని పేరు చేర్చింది. నాలుగు ఆటలు, 50 డాలర్లు, ఏడాది చందా బహుమతిగా ఇచ్చింది.

### 2020 నింటెండో ఖాతాలు

2020 ఏప్రిల్‌లో సుమారు 1,60,000 ఖాతాలలోకి ఇతరులు ప్రవేశించి ఉండవచ్చునని నింటెండో ప్రకటించింది. జూన్ నాటికి ఈ సంఖ్య సుమారు 3,00,000కు చేరింది. పాత కన్సోళ్ళ కాలంలో తెరిచిన నింటెండో నెట్‌వర్క్ ఐడీ పేర్లను, సంకేతపదాలను వేరే మార్గాలలో సంపాదించిన నేరగాళ్ళు వాటితో కొత్త ఖాతాలలోకి ప్రవేశించారు. కొన్ని ఖాతాలలో అనుసంధానించి ఉన్న చెల్లింపు మార్గాలతో కొనుగోళ్ళు కూడా చేశారు. పాత ఐడీతో ప్రవేశించే పద్ధతిని సంస్థ రద్దుచేసి, రెండు చోట్లా ఒకే సంకేతపదం వాడవద్దని వాడుకరులకు సూచించింది.

## తెలుగు రాష్ట్రాలలో

తెలుగు రాష్ట్రాలలో పిల్లల ఆటలు ఎక్కువగా ఫోనుమీదనే సాగుతాయి. కన్సోళ్ళు ధర రీత్యా కొద్ది ఇళ్ళకే పరిమితం. అయితే ప్రమాదం స్వరూపం రెండింటిలోను ఒకటే. పెద్దల పేరు మీద ఖాతా, పెద్దల డబ్బు, పిల్లల చేతిలో యంత్రం.

2022 జూన్‌లో హైదరాబాదులోని అంబర్‌పేటకు చెందిన ఒక కుటుంబం విషయం పత్రికలలో వచ్చింది. 16 ఏళ్ళ బాలుడు తాతగారి ఫోనులో ఫ్రీ ఫైర్ అనే ఆట ఆడుతూ, మొదట చిన్న మొత్తాలతో మొదలుపెట్టి, తల్లి బ్యాంకు ఖాతాల నుండి మొత్తం సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చుచేశాడు. తల్లి డబ్బు తీయడానికి బ్యాంకుకు వెళ్ళినప్పుడు గాని సంగతి తెలియలేదు. ఆమె సైబరు నేరాల పోలీసులకు ఫిర్యాదు చేశారు. అంతకు ముందు 2020 జూలైలో పంజాబులోని ఖరడ్‌లో ఒక కౌమారప్రాయుడు పబ్జీ ఆటలో తల్లిదండ్రుల ఖాతాల నుండి సుమారు 16 లక్షల రూపాయలు వెచ్చించిన ఘటన కూడా ఇటువంటిదే. ఇటువంటి చోట్ల బయటి దొంగ ప్రమేయం లేకుండానే నష్టం జరుగుతుంది. బ్యాంకు దృష్టిలో అవి సరైన సంకేతాలతో జరిగిన సరైన చెల్లింపులు.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జిల్లా కేంద్రమైన మెదక్ వంటి పట్టణాలలో ఇంటికి అంతర్జాలం స్థానిక కేబులు ఆపరేటరు ద్వారానో, బీఎస్ఎన్ఎల్ వంటి సంస్థల ద్వారానో ఫైబరు తీగ మీద వస్తుంది. తీగ కలిపిన వ్యక్తే రౌటరుకు పేరు, సంకేతపదం కూడా పెట్టి వెళ్ళడం మామూలు. అది చాలాసార్లు ఇంటి యజమాని ఫోను నంబరు, లేదా ఇంటిపేరుకు 123 చేర్చినది అయి ఉంటుంది. వీధిలో ఆ నంబరు తెలియనివారు ఉండరు. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, పెళ్ళిరోజు, వాహనం నంబరు, ఇష్టదైవం పేరు కూడా ఇటువంటివే. సెలవులకు వచ్చిన బంధువుల పిల్లలు, పక్కింటి పిల్లలు ఆట కోసం వైఫై అడిగినప్పుడు కాదనడం మన ఇళ్ళలో కష్టం. కనుక అడిగినా ఇవ్వదగిన సంకేతపదం ఒకటి ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోవడమే ఉపాయం. దీనికి మార్గం దిగువ ఇవ్వబడింది.

## సంకేతపదాలు పోయే మార్గాలు

* ఒకే సంకేతపదాన్ని అన్నిచోట్ల వాడడం: ఒక చిన్న ఆట సంస్థ వద్ద పోయిన సంకేతపదాన్ని నేరగాళ్ళు వందలాది ఇతర సేవల మీద యంత్రాలతో ప్రయత్నిస్తారు. 2020 నాటి నింటెండో ఘటనలో జరిగినది ఇటువంటిదే.
* ఉచితం అనే ఎర: ఆటలో నాణేలు, ఆయుధాలు, దుస్తులు ఉచితంగా ఇస్తామని, అందుకు ఖాతా పేరు, సంకేతపదం నింపమని కోరే నకిలీ పేజీలు అనేకం ఉన్నాయి. ఫోర్ట్‌నైట్, రోబ్లాక్స్ వంటి ఆటల పిల్లలే వీటి లక్ష్యం. ఆట తయారుచేసిన సంస్థ బహుమతి ఇవ్వడానికి సంకేతపదం అడగదు.
* ఆటలో స్నేహితుడు: కొన్ని వారాలు కలిసి ఆడిన అపరిచితుడు "నీ ఖాతాలో నేను ఈ అంచె దాటించి పెడతాను" అని సంకేతపదం అడగడం. ఫోనుకు వచ్చిన ఆరంకెల సంఖ్య చెప్పమనడం దీని తరువాతి మెట్టు.
* పెద్దల ఖాతా తెరిచి ఉండడం: కన్సోళ్ళు సాధారణంగా ఒకసారి ఇచ్చిన సంకేతపదాన్ని గుర్తుపెట్టుకొని, మళ్ళీ అడగకుండా తెరుచుకొంటాయి. పిల్లలు పెద్దల ఖాతాలోనే ఆడితే దుకాణం, చెల్లింపు, సందేశాలు అన్నీ అందుబాటులో ఉంటాయి.
* టెలివిజను తెరమీద టైపు చేయడం: కన్సోలులో అక్షరాలను ఒక్కొక్కటిగా తెరమీద ఎంచుకోవాలి. గదిలో ఉన్న పిల్లలందరూ ఆ వరుసను చూడగలరు. అలసి, సులువైన చిన్న సంకేతపదం పెట్టుకోవడం కూడా ఇందువలననే జరుగుతుంది.
* నకిలీ ఆటలు, "మోడు"లు: ఖరీదైన ఆటను ఉచితంగా ఆడిస్తామనే సాఫ్టువేరులో ఇంటి కంప్యూటరులోని సంకేతపదాలను దొంగిలించే క్రమణికలు దాగి ఉండవచ్చును.

## కన్సోలును కలిపే పద్ధతి

### రౌటరు

ముందుగా రౌటరు అమరికల సంకేతపదాన్ని మార్చాలి. రౌటరు అడుగున అంటించిన చీటీ మీద ఉన్నది గాని, "అడ్మిన్" అనే మాట గాని అలాగే ఉంచరాదు. వైఫై రక్షణ డబ్ల్యూపీఏ2 లేదా 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పద్ధతిలో ఉండాలి.

చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్కు అనే సదుపాయం ఉంటుంది. ఒకే రౌటరు రెండు వేరువేరు పేర్లతో, రెండు సంకేతపదాలతో వైఫైని పంచుతుంది. పెద్దల ఫోన్లు, కంప్యూటరు మొదటి దానికి, కన్సోలు, స్మార్టు టీవీ, చుట్టాల ఫోన్లు రెండవదానికి కలపాలి. సక్రమంగా అమర్చిన గెస్ట్ నెట్‌వర్కు నుండి ఇంటిలోని ఇతర యంత్రాలను చేరడం వీలుకాదు. ఆ సంకేతపదం పిల్లల ద్వారా వీధి అంతటికీ తెలిసినా నెలకొకసారి మార్చుకొంటే సరిపోతుంది. ఇంట్లో దాచవలసిన మొదటి సంకేతపదాన్ని ఎవరికీ చెప్పే అవసరం ఉండదు.

### ఖాతాలు

ఆటల కోసం ఒక ప్రత్యేక ఈమెయిలు చిరునామా తెరవడం మంచిది. బ్యాంకు, ఆధారు, పాఠశాల, ఆఫీసు పనులకు వాడే చిరునామాను కన్సోలుకు ఇవ్వరాదు. ఈ ప్రత్యేక చిరునామాతో పెద్దవారి ఖాతా తెరిచి, దాని కింద పిల్లల ఖాతాను చేర్చాలి. సోనీ, మైక్రోసాఫ్టు, నింటెండో మూడు సంస్థలూ కుటుంబ ఖాతాల సదుపాయం ఇస్తున్నాయి. పిల్లల ఖాతాలో ఆట సమయం, మాట్లాడగల వ్యక్తులు, వయసుకు తగిన ఆటలు, ఖర్చు పరిమితి పెద్దలు తమ ఫోను నుండే నిర్ణయించవచ్చును.

పిల్లల వయసును ఎక్కువ చేసి చూపి పెద్దల ఖాతాగా తెరవడం పలుచోట్ల కనిపించే పొరపాటు. అలా చేస్తే ఈ నియంత్రణలేవీ పనిచేయవు.

పెద్దల ఖాతాకు పిన్ పెట్టి, కన్సోలు వెలిగినప్పుడు అది తనంతట తెరుచుకోకుండా అమర్చాలి. కొనుగోలుకు ప్రతిసారీ పిన్ లేదా సంకేతపదం అడిగే అమరికను ఎంచుకోవాలి. ఈ పిన్ ఏటీఎం పిన్‌తో గాని, ఫోను తాళంతో గాని, యూపీఐ పిన్‌తో గాని ఏకం కాకూడదు. పిల్లలు కన్సోలు పిన్‌ను ఏదో ఒకనాడు చూసి పట్టేస్తారని అనుకొనే ఏర్పాటు చేసుకోవాలి.

### సంకేతపదం ఎంపిక

పొడవైన సంకేతపదం, చిన్నదైన క్లిష్టమైన సంకేతపదం కంటె బలమైనది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే గుర్తుంచుకోవడం సులువు, ఊహించడం కష్టం. అమెరికా ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్ 2017లో ప్రచురించిన మార్గదర్శకాలలో, కారణం లేకుండా నెలనెలా సంకేతపదం మార్పించడం, విరామ చిహ్నాలు తప్పనిసరి చేయడం వంటి పాత అలవాట్లను విడిచిపెట్టి, పొడవుకు ప్రాధాన్యం ఇవ్వమని సూచించింది. తెలుగు మాటలను రోమను అక్షరాలలో రాసి కలపవచ్చును. అయితే సినిమా పేర్లు, దేవుళ్ళ పేర్లు, అందరికీ తెలిసిన పద్యపాదాలు పనికిరావు.

వేరువేరు సంకేతపదాలను గుర్తుంచుకోవడం కష్టమైతే సంకేతపదాలను దాచే సాఫ్టువేరును వాడవచ్చును. అది తెలియనివారు ఒక పుస్తకంలో రాసుకొని బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా, ఒకే సంకేతపదాన్ని పదిచోట్ల వాడడం కంటె మేలు. టీవీ పక్కన గోడకు అంటించిన చీటీ, ఫోనులో తీసుకొన్న ఫొటో, కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం వలన మాత్రం ప్రయోజనం లేదు.

### రెండంచెల ధ్రువీకరణ

సంకేతపదంతో పాటు ఫోనుకు వచ్చే సంఖ్య లేదా ఫోనులోని ఒక యాప్ చూపే సంఖ్యను కూడా అడిగే పద్ధతిని రెండంచెల ధ్రువీకరణ అంటారు. దీనిని మైక్రోసాఫ్టు 2013లో, సోనీ 2016లో, నింటెండో 2017లో తమ ఖాతాలకు ప్రవేశపెట్టాయి. సంకేతపదం దొంగ చేతికి చిక్కినా రెండవ అంచె వద్ద ఆగిపోతాడు. దీనిని కన్సోలు ఖాతాకు, ఈమెయిలుకు కూడా తప్పక అమర్చుకోవాలి. ఈ సంఖ్య వచ్చే ఫోను పెద్దల వద్దనే ఉండాలి. ఆట ఆడే ఫోను, ఓటీపీ వచ్చే ఫోను ఒకటే అయిన ఇంటిలో రెండవ తాళం ఉన్నా లేనట్లే.

ఇటీవలి కన్సోళ్ళలో సంకేతపదాన్ని టీవీ తెరమీద కొట్టనవసరం లేదు. తెరమీద వచ్చే క్యూఆర్ గుర్తును పెద్దలు తమ ఫోనుతో చూసి, ఫోనులోనే ప్రవేశం అనుమతించవచ్చును. పిల్లల ఎదుట సంకేతపదం బయటపడని మార్గం ఇదే. 2023, 2024 సంవత్సరాలలో ఈ సంస్థలు పాస్‌కీ అనే పద్ధతిని కూడా తెచ్చాయి. ఇందులో వేలిముద్రతో గాని, ఫోను తాళంతో గాని ఖాతా తెరుచుకొంటుంది. సంకేతపదమే లేదు కనుక నకిలీ పేజీలో నింపే ప్రమాదం ఉండదు.

## చెల్లింపులు

కన్సోలు దుకాణంలో బ్యాంకు కార్డును నిలవ ఉంచకపోవడం ఉత్తమం. నిర్ణీత మొత్తానికి దొరికే గిఫ్టు కార్డు కొని ఖాతాలో వేస్తే నష్టం ఆ మొత్తానికే పరిమితమవుతుంది. కార్డు తప్పనిసరి అయితే తక్కువ నిలవ ఉన్న ప్రత్యేక ఖాతా కార్డును వాడి, బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితి పెట్టుకోవచ్చును.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2022 అక్టోబరు 1 నుండి దేశంలోని వ్యాపారులు కార్డు సంఖ్యను తమ వద్ద దాచరాదు. దాని బదులు టోకెను అనే మారు సంఖ్యను వాడాలి. దీనివలన దుకాణం వద్ద కార్డు సంఖ్య పోయే ప్రమాదం తగ్గింది. అయితే తెరిచి ఉన్న ఖాతాలోంచి పిల్లలు కొనకుండా టోకెను ఆపలేదు. దేశీయ చెల్లింపులకు ఓటీపీ వంటి రెండవ అంచె ఉన్నప్పటికీ, విదేశీ దుకాణాలలో అది లేకుండానే చెల్లింపు జరిగే వీలుంది. కనుక అవసరం లేనప్పుడు కార్డు మీద విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఆపి ఉంచాలి.

పెద్దల అనుమతి లేకుండా పిల్లల చేత కొనుగోళ్ళు చేయించే పద్ధతులపై విదేశాలలోను చర్యలు జరిగాయి. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనుతో మొత్తం 52 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకొంది. ఇందులో 24.5 కోట్ల డాలర్లు వాడుకరులకు తిరిగి ఇవ్వడానికి, 27.5 కోట్ల డాలర్లు పిల్లల వ్యక్తిగత సమాచార చట్టాన్ని ఉల్లంఘించినందుకు. 2023 జూన్‌లో ఎక్స్‌బాక్సులో పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రులకు తెలపకుండా సేకరించారన్న అభియోగంపై మైక్రోసాఫ్టు 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

## పిల్లలకు చెప్పవలసినవి

సాంకేతిక ఏర్పాట్లన్నీ పిల్లలు నిజం చెప్పే ఇంటిలోనే బాగా పనిచేస్తాయి. నకిలీ పేజీలో సంకేతపదం నింపిన పిల్లవాడు అదే గంటలో చెబితే దానిని మార్చి నష్టం ఆపవచ్చును. దెబ్బలకు భయపడి నెల దాచితే ఖాతా ఖాళీ అవుతుంది. అందువలన మొదటి తప్పుకు శిక్ష ఉండదని ముందుగానే మాట ఇవ్వడం ఉపయోగకరం. వారికి చెప్పవలసిన అంశాలు కొద్దివే:

* సంకేతపదం టూత్‌బ్రష్షు వంటిది. ప్రాణస్నేహితుడికైనా ఇవ్వరాదు.
* ఉచితంగా నాణేలు ఇస్తామన్నవారు వాటికి బదులు మరేదో తీసుకొంటారు.
* ఫోనుకు వచ్చిన సంఖ్యను ఆటలో ఎవరికీ చెప్పరాదు.
* అసలు పేరు, బడి పేరు, ఊరు, అమ్మానాన్నల ఫోను నంబరు ఆటలో రాయరాదు.
* ఏదైనా కొనాలనిపిస్తే అడగాలి. పొరపాటు జరిగితే వెంటనే చెప్పాలి.

పిల్లలు తమ ఖాతాకు తామే సంకేతపదం తయారుచేసుకొనేటట్లు చేయడం మంచి పాఠం. వారి సంకేతపదాన్ని పెద్దలు గౌరవిస్తే, పెద్దల సంకేతపదాన్ని వారు గౌరవించడం నేర్చుకొంటారు.

## పాత కన్సోళ్ళు, అమ్మకం, మరమ్మతు

తయారీదారు మద్దతు నిలిచిపోయిన కన్సోళ్ళకు భద్రతా సవరణలు రావు. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ళ ఆన్‌లైను ఆట సేవలు 2024 ఏప్రిల్ 8న ముగిశాయి. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జూలై 29న మూతపడింది. ఇటువంటి పాత యంత్రాలను అంతర్జాలానికి కలపకుండా ఆడుకోవడమే మంచిది.

కన్సోలును అమ్మేముందు, మార్పిడికి ఇచ్చేముందు మూడు పనులు చేయాలి. మొదట ఖాతా నుండి చెల్లింపు మార్గాలను తొలగించాలి. తరువాత కన్సోలులోని ఖాతాలనుండి నిష్క్రమించి, ఖాతాకు ఆ యంత్రంతో ఉన్న బంధాన్ని తెంచాలి. చివరగా కొత్తదానిలా మార్చే పూర్తి రీసెట్ చేయాలి. ఆటలను మాత్రమే తుడిచివేస్తే వైఫై సంకేతపదం, తెరిచి ఉన్న ఖాతా అలాగే ఉండిపోతాయి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు కూడా వీలైతే ఇదే చేయాలి, సంకేతపదాన్ని చీటీమీద రాసి దుకాణంలో ఇవ్వరాదు. కన్సోలు ముందే చేయి దాటిపోతే, వెబ్‌సైటు ద్వారా "అన్ని యంత్రాల నుండి నిష్క్రమించు" అనే అమరికను వాడి సంకేతపదం మార్చుకోవచ్చును. పాత కన్సోలు కొన్నవారు కూడా ముందుగా పూర్తి రీసెట్ చేసిన తరువాతే తమ ఖాతా తెరవాలి.

## చట్టం, ఫిర్యాదు

ఇతరుల సంకేతపదాన్ని మోసపూరితంగా వాడడం సమాచార సాంకేతిక చట్టం 2000లోని సెక్షన్ 66సీ ప్రకారం నేరం. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. కంప్యూటరు సాధనాలతో మరొకరిలా నటించి మోసగించడం సెక్షన్ 66డీ కిందకు వస్తుంది. ఈ సెక్షన్లు 2008 నాటి సవరణతో చేరి, 2009 అక్టోబరు 27 నుండి అమలులోకి వచ్చాయి. 2023లో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగా నిర్వచించి, వారి సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరగవలసి ఉంది.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీచేసిన సూత్రాలు ఈ విషయంలో ముఖ్యమైనవి. మూడవ వ్యక్తుల వలన జరిగిన మోసాన్ని మూడు పనిదినాలలో తెలియజేసిన ఖాతాదారుకు బాధ్యత ఉండదని అవి చెప్పాయి. ఖాతాదారు తన చెల్లింపు సంకేతాలను ఇతరులకు చెప్పడం వంటి అజాగ్రత్త వలన నష్టం జరిగితే, బ్యాంకుకు తెలిపేవరకు పోయినది ఆయనే భరించాలని కూడా చెప్పాయి. పెద్దలు తామే పిల్లలకు పిన్ చెప్పిన సందర్భాలలో డబ్బు తిరిగి రావడం కష్టమయ్యే కారణం ఇదే.

మోసం జరిగినట్లు అనుమానం వస్తే ఈ క్రమంలో చర్యలు తీసుకోవాలి:

1. బ్యాంకుకు ఫోను చేసి కార్డును, అవసరమైతే యూపీఐని నిలిపివేయించాలి.
2. జాతీయ సహాయ సంఖ్య 1930కి వెంటనే తెలపాలి. సొమ్ము ఇంకా మరో ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం తొలి గంటలలోనే ఎక్కువ. కేంద్ర హోం శాఖవారి జాతీయ సైబరు నేరాల ఫిర్యాదు పోర్టలులో కూడా నమోదు చేయవచ్చును.
3. ఈమెయిలు సంకేతపదం మొదట, కన్సోలు ఖాతాది తరువాత మార్చాలి. కన్సోలుతో మొదలుపెడితే, ఈమెయిలు చేతిలో ఉన్న దొంగ దానిని మళ్ళీ మార్చగలడు. ఈ మార్పులు పిల్లలు ఆడే యంత్రం మీద కాక వేరొక యంత్రం మీద చేయాలి.
4. సందేశాలు, రసీదులు, తెర చిత్రాలు తుడిచివేయకుండా భద్రపరచాలి.
5. కన్సోలు సంస్థకు వ్రాతపూర్వకంగా తెలిపి, పిల్లలు పొరపాటున చేసిన కొనుగోలుకు డబ్బు వాపసు కోరాలి.

తెలంగాణలో 2023లో ఏర్పడిన సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇటువంటి నేరాలపై పనిచేస్తుంది. సమాచార సాంకేతిక చట్టం కింద కేసులను ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారి దర్యాప్తు చేయవచ్చును కనుక మెదక్ వంటి పట్టణాలవారు ఫిర్యాదుకు హైదరాబాదు వెళ్ళనవసరం లేదు, స్థానిక పోలీసు స్టేషనులోనే ఇవ్వవచ్చును.

## ఇవి కూడా చూడండి

* అంతర్జాలం
* వైఫై
* ప్లేస్టేషన్
* సమాచార సాంకేతిక చట్టం 2000
* మెదక్